పుట నెత్తిన ముప్పావంగుళం

పుస్తకం చూడటానికి నాకు తెలిసి రెండు పద్ధతులున్నాయి. ఒకటి, అందరూ చేసేదే: పైనుంచి కిందికి చదవడం. రెండోది, ప్రతి పుటలోనూ పైన ముప్పావంగుళం మాత్రం చూసి తిప్పేయడం. ఈ రెండో పద్ధతిలో పండిపోయిన ఇద్దరు పెద్దమనుషుల చేతుల్లో నేను ఒక ఎండాకాలమంతా నలిగాను.

ప్రొద్దుటూరు గుడ్డల అంగళ్ల సందులో మాది మూడు తరాల కొట్టు. కింద మా నాయన జాకెట్టు గుడ్డలు చించుతుంటే, మిద్దె మీద నేను కంప్యూటరు పెట్టుకొని పుస్తకాలు కూర్చేవాణ్ని. ఊళ్లో మిగతా డీటీపీ వాళ్లందరిదీ ఒక దారి, నాది ఒక దారి. నేను వాడేది లేటెక్ అనే సాఫ్ట్‌వేరు. దాన్ని పట్టుకోవడం వెనక నా గొప్ప ఆలోచనేమీ లేదు. కలమల్ల దగ్గర కరెంటు ప్లాంటులో పనిచేస్తూ పీహెచ్‌డీ చేసుకుంటున్న ఇంజినీరొకాయన తన థీసిసు కోసం దాన్ని నా మిషన్లో ఎక్కించి, "ఇది ఊరికే వస్తుందప్పా" అన్నాడు. ఊరికే వచ్చేదాన్ని వద్దనే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు. నేర్చుకున్నాక తెలిసింది, ఊరికే వచ్చినదాని ఖరీదు నా రెండు కళ్లు.

లేటెక్‌లో పుటలను ఒక్కొక్కటిగా చేత్తో దిద్దే పని ఉండదు. ఎడమ పుట నెత్తిన ఫలానాది రావాలి, కుడి పుట నెత్తిన ఫలానాది రావాలి, అడుగున అంకె రావాలి అని ఫైలు మొదట్లో నాలుగు వరసలు ఆజ్ఞ రాసిపెడితే, నూరు పుటలున్నా వెయ్యి ఉన్నా అదే దించుకుంటూ పోతుంది. పైనది హెడ్డరు, కిందది ఫుట్టరు. ఈ నెత్తినీ కాళ్లనీ చూసుకోవడానికి ఫ్యాన్సీ హెడ్డరని ఒక ప్యాకేజీ ఉంది. పేరు వింటే రిబ్బన్లూ పక్కపిన్నులూ అమ్మే అంగడి గుర్తొస్తుంది గానీ పని మాత్రం గట్టిది. నాకు దాని మీద గొప్ప పట్టుందని అనుకునేవాణ్ని. గజంకడ్డీతో పెరిగినవాడికి ముప్పావంగుళం ఒక లెక్కా?

ఆ ఎండాకాలంలో ఒక అయివారు మిద్దె మెట్లెక్కి వచ్చాడు. రిటైరైన బడిపంతులు. జమ్మలమడుగుకూ పులివెందులకూ నడుమ, బస్సువాడు మొహమాటానికి ఆపే ఒక పల్లె ఆయనది. ఆయన ముత్తాత కాలంలో మిషను దొరలు ఆ ఊళ్లో ఒక కొట్టం కింద పెట్టిన బడి, తర్వాత సర్కారుదై, ఇప్పుడు పాతకాలపు బళ్ల లెక్కలో చేరింది. ఆయన అందులోనే చదివి, అందులోనే చెప్పి, అందులోనే రిటైరయ్యాడు. గుడ్డ సంచిలో నుంచి ఆరు నోటు పుస్తకాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఆ బడి చరిత్ర, పదకొండు అధ్యాయాలు.

"పదో అధ్యాయం ఒక్కసారి సూడప్పా" అన్నాడు.

చూశాను. మొదట ఊరి గురించి కొంత రాసి, తర్వాత ఒక జాబితా. ఆ బడిలో చదువుకొని, ఊరి కొట్లాటల్లో చచ్చిపోయినవాళ్ల పేర్లు. ఎవరు ఎవర్ని చంపారో లేదు. ఎవరు ఏ పక్షమో లేదు. హాజరు పట్టీలో ఎలా ఉంటాయో అలా, అక్షర క్రమంలో, ఒకరి కింద ఒకరు. పేరు పక్కన ఆయన రాసుకున్న ఒక్కో ముక్క. 'మూడో బెంచీ. పదహారో ఎక్కం తడబడకుండా చెప్పేవాడు.' 'కిటికీ పక్క. కళ్లజోడు కావాలని ఇంటికి చెప్పి పంపాను, తేలేదు.' 'మొదటి బెంచీ. పై వాడితో పలక మార్చుకునేవాడు.' జాబితాలో ఆ పైన ఉన్నవాడు ఎదుటి పక్షంవాడని తర్వాత తెలిసింది నాకు.

ఆ ఊరికి ఇద్దరు నాయకులు. ఒకాయన పులివెందులలో ఇల్లు కట్టుకున్నాడు, ఒకాయన జమ్మలమడుగులో. ఊరి కోసం ప్రాణమిస్తామనే ఇద్దరూ ఊళ్లో మాత్రం ఉండరు. ఇద్దరూ మాజీ సర్పంచులే. ఒకాయన ఒక పార్టీ జెండా కట్టిన మరునాడు రెండో ఆయన ఎదుటి పార్టీ జెండా కట్టేవాడు. వాళ్ల రాజకీయ సిద్ధాంతం మొత్తం అంతే. బాంబులూ వేటకొడవళ్లూ కాస్త అటకెక్కిన తర్వాత, ఊళ్లో ఎన్నికలు వస్తున్నాయని తెలిసి, ఇద్దరికీ ఒకేసారి బడి మీద ప్రేమ పుట్టింది. వేసవి సెలవులు కాగానే బడి పండగ. పుస్తకం ఖర్చు చెరిసగం. ఇద్దరూ అయివారికి పెట్టిన షరతు మాత్రం ఒకటే: ఆ జాబితా అట్లా కలిపి వేయకూడదు. మావాళ్లు మా పుటలో ఫొటోలతో, వాళ్లవాళ్లు వాళ్ల పుటలో. లేదంటే తీసేయ్.

"నేను విడదీయలేనప్పా" అన్నాడు అయివారు. "ఒక బెంచీ మీద కూర్చునోళ్లను బతికుండంగ విడదీసిరి. సచ్చినాంక నా సేత విడదీయిస్తారా? ఆ ఒక్క పుట అట్లనే ఉండాల. ఉండకపోతే ఈ పుస్తకం నాకొద్దు."

నేను ఏమన్నానో రాయకపోతే నా గురించి మీరు మంచిగా అనుకునే ప్రమాదముంది. "తీసేయండి అయివారూ, మిగతా పది అధ్యాయాలన్నా వెలుగు చూస్తాయి" అన్నాను. బేరంలో పెరిగినవాణ్ని. పది వచ్చేచోట పదకొండోదాని కోసం పట్టుబట్టేవాణ్ని మా అంగట్లో పిచ్చివాడంటారు. ఆయన నోటు పుస్తకాలు ఒక్కొక్కటే సంచిలో పెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఐదోది పెట్టేటప్పటికి నాకు భయమేసింది. చేతికొచ్చిన గిరాకీ మెట్లు దిగిపోతోంది.

"ఉండండి. కూర్చేది కూరుస్తాను. ప్రూఫు చూసేది వాళ్లు. కనపడితే వాళ్లే అంటారు" అన్నాను. అది ధైర్యం కాదు. సరుకు చూపించకుండా బేరం చెడగొట్టుకోకూడదనే పాత అలవాటు.

వారంలో రెండు పక్షాల నుంచీ మనుషులు దిగారు. పులివెందులాయన తరఫున ఆయన బామ్మర్ది. తెల్ల బట్టలు, రెండు ఫోన్లు, రెండూ మోగవు. జమ్మలమడుగాయన తరఫున ఒక కాంట్రాక్టరు. రోడ్లు వేస్తాడని పేరు; ఆయన వేసిన రోడ్డు మీద నేను పోయాను, పేరే మిగిలింది. ఇద్దరూ ఒకే సమయానికి వచ్చి, ఒకరి ముఖం ఒకరు చూడకుండా, ఇద్దరూ నా ముఖమే చూస్తూ కూర్చున్నారు. అయివారు గోడ పక్క స్టూలు మీద.

"ఏంది శెట్టీ, పుస్తకంలో మా బావ పేరు యాడొస్తాది?" అన్నాడు బామ్మర్ది.

"మొదట ముందుమాటలో వస్తాదన్నా."

"ముందుమాట ఎవురు సదువుతారప్పా! పుట తిప్పితే కనపడల్ల. ప్రతి పుటలో."

"అయితే మా పెద్దాయనదీ ప్రతి పుటలో" అన్నాడు కాంట్రాక్టరు గోడతో.

ఇక్కడ నా తెలివి చూపించుకునే అవకాశం వచ్చింది, చూపించుకున్నాను. ఎడమ పుటలు సరి సంఖ్యలు, కుడి పుటలు బేసి సంఖ్యలు. సరి ఒకరికి, బేసి ఒకరికి, హెడ్డరులో పేరు పెడతాను, సమానంగా పోతుంది అన్నాను. అధ్యాయం పేరు ఉండాల్సిన చోట మాజీ సర్పంచు పేరు పెట్టడం పుస్తకానికి అప్రతిష్ఠ అని నాకు తెలుసు. నన్నెవరూ అడగలేదు.

వెంటనే కుడి పుట ఎవరికి అనే తగాదా వచ్చింది. పుస్తకం తెరిస్తే కన్ను పడేది కుడివైపే కదా. ఒకరికి పైన, ఒకరికి కింద పెడదామా అని నోరు జారాను.

"మా బావ పేరు కాళ్లకాడ పెడ్తావా?" బామ్మర్ది లేచి నిలబడ్డాడు. "ఎవురు సెప్పినారు నీకు ఈ మాట? ఎవురు?"

"ఎవరూ చెప్పలేదన్నా. కాళ్లకాడ అంకెలు మాత్రమే పెడతా. అంకెలకు పౌరుషం లేదు."

ఇద్దరిలో ఒకరు తగ్గాలి. తగ్గుతానని ఎదుటివాడి ముందు నోటితో అనడం ఇద్దరి చేతా కాదు. పశువుల సంతలో చూసిన పద్ధతి గుర్తొచ్చింది. కింద అంగట్లో నుంచి కొత్త తువ్వాలొకటి తెప్పించి, దాని కింద ఒక్కొక్కరి చెయ్యి పట్టుకున్నాను. సంతలో ఎద్దు ధర ఇట్లాగే వేళ్లతో చెప్తారు, పక్కవాడికి తెలియకుండా. ఎడమ పుట ఒప్పుకుంటే పేరు కింద బిరుదులు ఎన్ని వరసలు కావాలి అని నేను వేళ్లు నొక్కితే, బామ్మర్ది మూడు వేళ్లు గట్టిగా నొక్కాడు. రెండని నేను నొక్కాను. ఆయన మళ్లీ మూడు. సరే అన్నాను. అట్లా ఎడమ పుట పులివెందులకు, కుడి పుట జమ్మలమడుగుకు తెగింది. తువ్వాలు తీయగానే కాంట్రాక్టరు, "వాళ్లకెన్ని బిరుదులిచ్చినావో మాకూ అన్నే" అన్నాడు. ఆ రహస్యం బతికింది నిమిషం.

తెలుగు అక్షరం కుదురుగా కూర్చునేది కాదు. పైన గుడీ ఎత్వమూ, కింద వత్తులూ. పేరు ఒక వరస, దాని కింద మాజీ సర్పంచు, దాని కింద ప్రజాబంధువు, దాని కింద విద్యాదాత. హెడ్డరుకు ఇచ్చిన ఎత్తు చాలడం లేదు, పెంచు అని లేటెక్ పుట పుటకూ ఒక హెచ్చరిక రాసింది. మిషనుకున్న సిగ్గు మనిషికి ఉండదని అప్పుడు అర్థమైంది. ఎత్తు పెంచాను. ముప్పావంగుళం కాస్తా ఒకటిన్నరైంది. నెత్తి పెరిగిన కొద్దీ రాత కిందికి దిగిపోయింది. పుటకు ముప్పై రెండు వరసలు పట్టేవి, ఇరవై ఎనిమిదికి వచ్చాయి. అయివారికి చూపించి, నా తప్పేమీ లేనట్టు నిట్టూర్చాను.

ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ, "ఎంత కిందికి పోతే అంత మంచిదిలే నాయనా" అన్నాడు. అప్పుడు నాకది వేదాంతంగా వినపడింది. ఆయన నాకంటే పెద్ద బేరగాడని గ్రహించడానికి ఇంకా వారం పట్టింది.

మొదటి ప్రూఫు రెండు కాపీలు తీసి రెండు ఊళ్లకూ పంపాను. మూడో రోజు మా సందులోకి ఒక సుమో వచ్చి, మా అంగడికి అడ్డంగా ఆగింది. మా నాయన కింద నుంచి, "గిరాకీ నీదే, పైకి పిలుచుకోరా" అని కేకేసి జాకెట్టు గుడ్డ మీదికి తల వంచేశాడు. కాంట్రాక్టరు ప్రూఫు చుట్ట చుట్టి పట్టుకొని మెట్లెక్కాడు. వెనక నలుగురు. ఆ రోజు అయివారు కూడా నా దగ్గరే ఉన్నాడు, అచ్చుతప్పులు దిద్దుకుంటూ.

"ఎంత తినినావు శెట్టీ వాళ్లకాడ?"

"ఏం జరిగిందన్నా?"

"ఏం జరిగిందా! వాళ్లాయన పేరు అరవై సార్లొచ్చె. మా పెద్దాయనది నలభై తొమ్మిదే. పదకొండు యాడబాయ? నలుగురం కూర్చోని రెండు తూర్లు లెక్కబెట్టినాం."

నమ్మలేదు. ఆయనే మళ్లీ బల్ల మీద పరిచి, వేలు ప్రతి కుడి పుట నెత్తిన పెట్టి పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. అధ్యాయం మొదలయ్యే పుట రాగానే ఆగి, వేలితో ఆ ఖాళీ మీద కొట్టి, "ఇదో, ఈడ లే" అనేవాడు. అప్పుడు నాకు వెలిగింది. అధ్యాయం మొదలయ్యే పుటకు లేటెక్ తనంతట తాను సాదా పద్ధతి పెట్టుకుంటుంది. నేను పైన ఏ హెడ్డరు రాసినా అక్కడ పనిచేయదు. పైగా పుస్తకమనే అమరికలో ప్రతి అధ్యాయమూ కుడి పుటలోనే మొదలవుతుంది. అంటే పదకొండు అధ్యాయాలకు పదకొండు పేర్లు పోయింది ఒక్క జమ్మలమడుగాయనకే. ఇది ఆ ప్యాకేజీ వాడకం చెప్పే పుస్తకంలో మొదట్లోనే రాసి ఉంటుంది. నేను చదవలేదు. గుడ్డ అంచు చూడకుండా కొన్నవాణ్ని మా నాయన ఏ పేరుతో పిలుస్తాడో ఆ పేరు నాకు ఆ క్షణాన చాలా సరిపోయింది.

"ఇది సూడు, ఇంకా ఘోరం" అన్నాడు కాంట్రాక్టరు. అధ్యాయం కుడివైపు మొదలు కావడం కోసం కొన్నిచోట్ల ఎడమ పుట ఖాళీగా వదిలేయాల్సి వస్తుంది. ఆ ఖాళీ పుటల నెత్తిన మాత్రం హెడ్డరు వచ్చేసింది. అక్షరం ముక్క లేని తెల్లకాగితం మీద పులివెందులాయన పేరూ, మూడు బిరుదులూ. "తెల్లకాగితం గూడా వాళ్లకే రాసిచ్చినావు గదప్పా!"

"అది మిషను తనంతట తాను చేసిందన్నా."

"మిషను తనంతట తానా!" వెనకున్న నలుగురూ నవ్వారు. "బాంబు గూడ తనంతట తానే పడిందని సెప్పినారులే కోర్టులో."

మళ్లీ లెక్క మొదలు. నలభై, నలభై ఒకటి. పదో అధ్యాయం దగ్గరపడింది. ఆ జాబితా ఆ ప్రూఫులో ఉంది, నూట ఏడో పుటలో, కుడివైపు. నేను అయివారి వైపు చూశాను. ఆయన పెన్సిలు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. కాంట్రాక్టరు ప్రూఫు తెచ్చేటప్పుడే అడిగాడు, "ఆ పేర్లు తీసేసినావు గదా అయివారూ?" అని. అయివారు అబద్ధమాడలేదు. "పుస్తకం మీ సేతల్లోనే ఉండాది గదా నాయనా, సూసుకోండి" అన్నాడు అంతే.

కాంట్రాక్టరు నూట ఏడో పుట తిప్పాడు. నెత్తిన తన నాయకుడి పేరు. వేలు పెట్టాడు. ఆ వేలికి నాలుగంగుళాల కింద, జాబితాలో అయిదో పేరు, అతని సొంత అన్నది. 'కిటికీ పక్క. కళ్లజోడు కావాలని ఇంటికి చెప్పి పంపాను, తేలేదు.'

"నలభై నాలుగు" అన్నాడు. పుట తిప్పేశాడు.

నేను చాలామంది కొనుగోలుదారులను చూశాను. అంచు చూసి చీర కొనేవాళ్లు, పెట్టె చూసి నగ కొనేవాళ్లు. ప్రొద్దుటూరంతా అట్లాంటివాళ్ల మీదే బతుకుతుంది, నేనూ బతికాను. కానీ సొంత అన్న పేరు మీద నుంచి చొక్కా చెయ్యి రుద్దుకుంటూ పోయి, పైనున్న నాయకుడి పేరును మాత్రం లెక్కలో వేసుకున్నవాణ్ని అదే మొదలు చూడటం. ఆ రోజు నుంచి నాకు వాళ్లంటే భయం పోయింది. దానిచోట ఇంకొకటి వచ్చి కూర్చుంది, దాన్ని మర్యాదగా రాయడం కుదరదు.

సుమో వెళ్లిపోయాక అయివారు తన ప్రూఫులో నూట ఏడో పుట తీసి నా ముందు పెట్టాడు. తర్వాత, "అప్పా, ఇంకొక్కటి అడుగుతా" అన్నాడు. "ఆ పుట నెత్తిన ఎవురి పేరూ వద్దు. ఆ పిల్లోళ్లు జీవితమంతా ఆ పేర్ల కిందనే ఉండ్రి. ఆ ఒక్క పుటన్నా..."

"అయివారూ, ఒకటి తగ్గితే వాడికి తెలుస్తుంది. యాడ తగ్గిందని వెతుకుతాడు. వెతికితే ఆ పుటే దొరుకుతుంది."

"అందుకే నిన్ను అడుగుతాండా. బేరం నాకు రాదు గదా." ఆ మాట నేను నమ్మలేదు.

చిక్కు చిన్నదే. ఒక్క పుటకు నెత్తి తీసేయడానికి ఒక్క వరస చాలు. ఈ పుట ఖాళీ అని ఆజ్ఞ రాస్తే హెడ్డరూ ఫుట్టరూ రెండూ పోతాయి. కష్టమంతా లెక్కలో ఉంది. ముందు, అధ్యాయం మొదటి పుటల సాదా పద్ధతిని నా పద్ధతికి మార్చి రాశాను. పోయిన పేర్లన్నీ తిరిగొచ్చాయి. తర్వాత, అధ్యాయం ఎడమైనా కుడైనా వచ్చినచోటే మొదలవ్వాలని చెప్పాను. ఖాళీ పుటలు మాయమయ్యాయి. దాంతో పులివెందుల బామ్మర్ది వచ్చి కూర్చున్నాడు.

"మాకొచ్చిన తెల్లపుటలు తీసేసినావంట?"

"పుస్తకంలో అవి ఉండకూడదన్నా. పోరంబోకు."

"పోరంబోకైతే ఏంది, మా సేతికి వచ్చినాక మాదే. ఒకసారి వచ్చిన పేరు తీసేస్తే ఊర్లో ఏమనుకుంటారు?"

"తీయకపోతే ఏమనుకుంటారో అది ఆలోచించన్నా" అన్నాను. "మీ బావ పేరు, విద్యాదాత అని బిరుదు, కింద చూస్తే ఏమీ లేదు. తెల్లగా. ఎదుటి పక్షంవాళ్లు ఊరంతా ఆ పుట చూపించి, ఇదిగో ఈయన ఊరికి చేసిందంతా ఇందులో రాసినారు అంటే?"

బామ్మర్ది రెండు ఫోన్లూ బల్ల మీద నుంచి తీసి జేబులో పెట్టుకున్నాడు. "తీసెయ్. ఇప్పుడే తీసెయ్. నా ఎదుట తీసెయ్."

తీసేశాను. కానీ ఒక్కటి మిగుల్చుకున్నాను. జాబితాకు ఎదురుగా ఉండే ఎడమ పుట. దాన్ని పూర్తిగా ఖాళీ చేశాను, రాతా లేదు, నెత్తీ లేదు, కాళ్లూ లేవు. అప్పుడు జమ్మలమడుగుకు ఒకటి తగ్గితే పులివెందులకూ ఒకటి తగ్గుతుంది. మొత్తం నూట పదహారు పుటలు. యాభై ఏడు, యాభై ఏడు.

రెండో ప్రూఫుకు ఇద్దరూ వచ్చారు, ఇద్దరికీ చెరొక లెక్క మనిషి. నా మిద్దె మీద రెండు గొంతులు ఒకేసారి అంకెలు చదివాయి, బడిలో ఎక్కాలు చదివినట్టు. ఇద్దరూ యాభై ఏడు దగ్గర ఆగారు. ఒకరి ముఖం ఒకరు మొదటిసారి చూసుకున్నారు. ఇద్దరికీ గెలిచినట్టుంది. నాకు తెలిసి, ఆ ఊరి రెండు పక్షాల మధ్య అంత న్యాయమైన పంపకం పోలీసులు కూడా చేయించలేదు.

"అచ్చుకు ఇవ్వచ్చు" అని రాసి సంతకాలు పెట్టమన్నాను. బామ్మర్ది పెట్టాడు. కాంట్రాక్టరు పెట్టబోతూ ఆగి, "పేర్ల కింద గీత ఒకటుండాదే, అది ఇద్దరికీ ఒకే లావుగా ఉండాదా?" అన్నాడు. గజంకడ్డీ తెచ్చి కొలిచి చూపించాను. అంత సన్నటి గీతను గజంకడ్డీతో కొలవడం కుదరదని ఆయనకు తెలియదు. సంతకం పెట్టాడు.

నేనూ ఒక చిన్న దొంగతనం చేశాను. చివరి పుట అడుగున, అంకె పక్కన, అన్నిటికంటే చిన్న అక్షరాల్లో మా అంగడి పేరు. అది ఫుట్టరు కాబట్టి ఎవరూ అడగలేదు. కాళ్లకాడ చూసేవాళ్లు ఆ పుస్తకానికి ఎవరూ లేరు.

బడి పండగ నాడు నన్నూ పిలిచారు. వేదిక మీద రెండు కుర్చీలు ఒకే ఎత్తువి, ఒకే రంగువి; వాటిని కూడా ఎవరో కొలిచే ఉంటారు. నాయకులిద్దరూ చెరొక కాపీ పైకెత్తి, ఫొటోలు దిగి, తిప్పి చూసి, తలలూపారు. ఎవరి తల ఎన్నిసార్లు ఊగిందో వాళ్ల మనుషులు చూసుకునే ఉంటారు. నా చేతికి కాపీ రాగానే నేను మొదట తిప్పింది చివరి పుట. మా అంగడి పేరు చక్కగా పడిందా లేదా అని. పడింది. ఆ తర్వాతే పదో అధ్యాయం గుర్తొచ్చింది. వాళ్లకూ నాకూ తేడా పుట నెత్తికీ కాళ్లకూ ఉన్నంత దూరమే.

అయివారు వేదిక కింద, ఆడవాళ్లు కూర్చున్న చాపల పక్కన నిలబడి ఉన్నాడు. ఒక ముసలామె పుస్తకం ఆయనకు ఇచ్చి ఏదో అడిగింది. ఆయన వెతకకుండానే ఆ పుట తెరిచి ఆమె చేతిలో పెట్టాడు. ఎడమవైపు తెల్లగా, కుడివైపు పేర్లు, పైన ఏమీ లేదు.

పండగైన పది రోజులకు మళ్లీ సుమో. ఈసారి కాంట్రాక్టరు ఒక్కడే పైకొచ్చాడు. చేతిలో పుస్తకం, సరిగ్గా ఆ పుటలో వేలు పెట్టుకొని. దొరికిపోయామనుకున్నాను. మిషను తనంతట తాను చేసిందనే మాట నాలుక చివర సిద్ధంగా పెట్టుకున్నాను, అది ఒకసారి పనిచేయలేదని తెలిసి కూడా.

"మా అమ్మ ఎవురిసేతనో సదివించుకునింది దీన్ని" అన్నాడు. "ఇదో, ఈడ మా అన్న పేరుండాది."

"ఉందన్నా."

"ఉంటే ఉండనీ. ఇది సెప్పు." వేలు పైకి జరిపాడు. "మా అన్న పేరుండే పుట నెత్తిన మా పెద్దాయన పేరు యాడబాయ?"

అంగడివాడి గొంతు దానంతటదే వచ్చింది.

"ఎదుటి పుటలో వాళ్లదీ లేదు గదన్నా."

"లేదా?"

"సూసుకో."

చూశాడు. తెల్లకాగితాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి మరీ చూశాడు. ముఖం తేటబడింది. "అట్లయితే సరిపాయె" అని పుస్తకం చంకన పెట్టుకొని మెట్లు దిగాడు.

ఈ సంగతి అయివారికి చెప్పి, తిట్టవలసిన నాలుగు తిట్లూ తిట్టాను. ఆయన విని ఒకటే అడిగాడు.

"వాళ్లమ్మ సదివించుకునింది అన్నాడా?"

"అన్నాడు. వాడు మాత్రం పైనే చూసినాడు అయివారూ."

"వాడు సూడకపోతే పీడాపాయ" అన్నాడు ఆయన, సంచి భుజాన వేసుకుంటూ. "ఆ పిల్లోడి కళ్లజోడు సంగతి ఆయమ్మకు నేనే పోయి సెప్పాల్సింది ఎప్పటినుంచో ఉండె."